అవనిగడ్డ నుంచి వచ్చే ఫైలు

“నీళ్లు గడప దాటాయంటే మొదటి పడవ మీకే.”

నిరుడు వానాకాలంలో రైతుల సహకార సంఘం మేనేజరు గోవర్ధనరావు గారు, అవనిగడ్డ బ్రాంచిలో కంప్యూటర్లు చూసుకునే శామ్యూల్ రాజ్‌కి ఇచ్చిన మాట అది. నీళ్లు గడప దాటాయి. పడవ రాలేదు. కింది గదిలో సర్వర్‌ని కాపాడబోయి శామ్యూల్ రాజ్ మునిగిపోయాడు. సంతాప సభకి పూలదండ మాత్రం పెద్దదే తెచ్చారు.

ఆ సర్వర్‌ని బాగుచేయించి మళ్లీ అదే గదిలో పెట్టారు. అదే కుర్చీలో ఇప్పుడు శ్రావ్య కూర్చుంటోంది.

అక్టోబరు మధ్యాహ్నం. బందరు హెడ్డాఫీసులో కంప్యూటర్లు చూసుకునే భార్గవ్ టీ తాగుతుంటే ఆమె ఫోన్ చేసింది. లాగిన్ అవడం లేదట. ఆ గదిని పై అంతస్తుకి మార్చమని తను పెట్టిన అర్జీ గురించి అతను మొదలుపెట్టబోతే, “విప్లవం సాయంత్రం చేద్దాం లెండి. ముందు నా లాగిన్ సంగతి చూడండి,” అంది.

బందరు, గుడివాడ, అవనిగడ్డ... మూడు చోట్లా మూడు సర్వర్లు. ఎవరెవరు లోపలికి రావచ్చో చెప్పే ఫైలు మూడింటిలోనూ ఒకేలా ఉండాలి. వానలకి లైను తరచూ తెగిపోతుంది కాబట్టి, ఏ ఊళ్లో ఫైలు చివరగా మారితే అదే మిగతా రెండింటి మీదికీ వెళ్లేటట్టు శామ్యూల్ రాజే ఏర్పాటు చేశాడు. కొత్త తేదీదే గెలుపు.

భార్గవ్ ఫైలు తెరిచాడు. శ్రావ్య పేరు లేదు. నిరుడే తీసేసిన శామ్యూల్ రాజ్ పేరు ఉంది.

ఆమె పేరు చేర్చాడు. అతని పేరు తీసేసేటప్పుడు మాత్రం వేలు ఆగింది, మనిషిని రెండోసారి ముంచుతున్నట్టు. తీసేశాడు. టీ పూర్తయ్యేలోపే ఫైలు మళ్లీ మొదటికొచ్చింది. అవనిగడ్డ నుంచి వచ్చిన ఆ ఫైలు మీద తేదీ చూశాడు.

ఇంకా రాని నవంబరు పంతొమ్మిది.

అక్కడి గడియారం తప్పయి ఉంటుందనుకున్నాడు. లాగిన్ తెర మీదే కనిపిస్తోందనీ, సరిగ్గానే ఉందనీ శ్రావ్య చెప్పింది. గుడివాడ బ్రాంచి సర్వర్ చూసుకునే హేమని అడిగితే, అక్కడా అదే తంతు, రాసిన కొద్దీ చెరిగిపోతోందని ఆవిడ విసుక్కుంది.

నెట్ కేబుల్ పీకేయమన్నాడు శ్రావ్యని. పీకింది.

అతను మళ్లీ పేరు చేర్చాడు. కాసేపు నిలిచింది. తర్వాత, చూస్తుండగానే పోయింది. కేబుల్ లేని మెషీన్ నుంచి... అదే తేదీతో.

ఫోన్లో ఏదో చప్పుడు. నీళ్లు గోడని నెమ్మదిగా తడుముతున్నట్టు.

“అక్కడ వానా?”

“లేదండీ, ఎండే.” ఆమె గొంతు తగ్గించింది. “కానీ బురద వాసన వస్తోంది... పొద్దుట్నుంచీ.”

నీళ్ల చప్పుడు మధ్యలో టక్... టక్... కీబోర్డు మీద వేళ్లు.

“టైప్ చేస్తున్నది మీరేనా?”

గుసగుసగా జవాబొచ్చింది. “నేను వరండాలో ఉన్నానండీ.”

ఇంటికి వెళ్లిపొమ్మని చెప్పి, మేనేజరు గదికి పరుగెత్తాడు. గోవర్ధనరావు గారు తాపీగా విన్నారు. గది సంగతి బోర్డు చూసుకుంటుందన్నారు. ఆ అమ్మాయికి భయమైతే ఆ సీటుకి ఇంకొకరు దొరుకుతారన్నారు. శ్రమజీవి ప్రాణం, దోపిడీ వ్యవస్థ... భార్గవ్ ఎన్నో మాటలు నేర్చుకున్నాడు. అందులో ఒక్కటీ ఒక్క పడవని కదిలించేది కాదు.

తిరిగొచ్చి ఫోన్ చేస్తే శ్రావ్య బస్టాండులో ఉంది. ఉద్యోగం లేకపోతే ఇల్లు గడవదు, రేపు మళ్లీ అక్కడే కూర్చుంటానంది.

“అయితే ఆ పంతొమ్మిదో తేదీన నేనే వస్తాను. మిమ్మల్ని తీసుకునే బయటికొస్తాను.”

బస్సు హారన్లు. కండక్టరు కేకలు. వాటి కింద... టక్. టక్.

భార్గవ్ తెర వైపు చూశాడు. శ్రావ్య పేరు లేదు.

తన పేరూ లేదు.

శామ్యూల్ రాజ్ రావద్దంటున్నాడా... రమ్మంటున్నాడా?

మెయిల్ తెరవబోతే పాస్‌వర్డ్ చెల్లదంది. తెల్లకాగితం మీద రాసి మేనేజరు టేబుల్ మీద పెట్టాడు.

“శ్రావ్యనీ, సర్వర్‌నీ పై అంతస్తుకి మార్చండి. లిఖితపూర్వకంగా జవాబు కావాలి. పంతొమ్మిదిన మీరిచ్చే జవాబు వినడానికి మేం ఉండకపోవచ్చు. గడువు, నవంబరు పద్దెనిమిది.”