వణకని ముల్లు

"వీళ్ళిద్దరిలో ఒకరు మనల్ని అమ్మేశారు, బాబాయ్," అన్నాడు చీఫ్, రెండు ఫోటోలు బల్ల మీద పడేసి.

ఏజెంటు అసలు పేరు డిపార్ట్‌మెంట్లో ఎవరికీ గుర్తులేదు. నెరిసిన జుట్టు, నెమ్మది మాట చూసి అందరూ బాబాయ్ అనేవారు.

గడ్డినీ పొట్టునీ గ్యాస్‌గా మార్చే కొత్త రియాక్టర్‌కి ఆ రోజే ట్రయల్. ఎంత వేడి పెట్టాలో, ఎంత గాలి కొట్టాలో చెప్పేది కంప్యూటర్ మోడల్. అందులో పరాయి ముఠా ఏదో మార్పించిందని కబురొచ్చింది. ఏం మార్చారో తెలియదు. ట్రయల్ ఆపితే దొంగ జారిపోతాడు.

మోడల్ పాస్‌వర్డ్ ఇద్దరి దగ్గరే ఉంది. ఒకరు విదేశీ సలహాదారు. రెండోవారు మోడల్ తయారుచేసిన మేడం. డిపార్ట్‌మెంట్ చెప్పబట్టే ఆమె ముఠాతో చేతులు కలిపినట్టు నటిస్తోంది.

"నటనో నిజమో నాకిప్పుడు తెలీట్లేదు. ఆమె మీదే ఓ కన్నేసి ఉంచు," అన్నాడు చీఫ్.

బాబాయ్ ఏసీ మెకానిక్ వేషంలో కంట్రోల్ రూమ్‌లో అడుగుపెట్టాడు. చొక్కా గుండీలో కెమెరా, చెవి మిషన్లో చీఫ్ గొంతు.

"చల్లగాలి ఎప్పుడొస్తుంది?" అంది మేడం. మెరిసే చెవిపోగులు, ఖరీదైన సెంటు.

"పెద్దాయన తలుచుకుంటే."

కోడ్ సరిగ్గానే కలిసింది. అమ్ముడుపోయినవాళ్ళు మాత్రం కోడ్ మరిచిపోతారా?

నిచ్చెనకి ఒక కాలు పొట్టి. అతను ఎక్కబోతుంటే ఆమె తన హైహీల్ చెప్పు విప్పి దాని కింద పెట్టింది. ప్యానెల్ మీద వణుకుతున్న ప్రెషర్ ముల్లు గురించి అడిగితే గొంతు తగ్గించి చెప్పింది. రియాక్టర్లో గడ్డిని కాల్చే వేడి ఇసుక, కింది నుంచి కొట్టే గాలికి పాలలా మరుగుతుంటే ఆ ముల్లు వణుకుతూనే ఉంటుందట. వేడి మించితే గడ్డి బూడిద కరిగి ఇసుక గడ్డకడుతుందట. గడ్డల సందుల్లోంచి గాలి దూసుకెళ్ళి గ్యాస్‌లో కలిస్తే పేలుడేనట, కింద పనిచేసేవాళ్ళెవరూ మిగలరట.

నిజం చెప్పిందా, అతన్ని వాడుకోడానికి కథ అల్లిందా?

రియాక్టర్ ఇంకా వేడెక్కింది. మోడల్ తెరమీద ఇసుక అందంగా ఎగిసిపడుతోంది. ప్యానెల్ మీద ముల్లు మాత్రం నెమ్మదించింది. ఆగిపోయింది.

"చూశారా ఎంత నిలకడో! మోడల్ చెప్పింది చెప్పినట్టే," అన్నాడు మేడం పక్కనే నిలబడ్డ సలహాదారు నవ్వుతూ.

మేడం చెయ్యి రియాక్టర్ని ఆపే ఎర్ర బటన్ వైపు వెళ్ళింది.

"ట్రయల్ పాడుచేస్తోంది, పట్టుకో!" చెవిలో చీఫ్.

బాబాయ్ నిచ్చెన మీదనుంచి దూకాడు. మేడం మీదికి కాదు. సలహాదారు మీదికి. ఆయన కోటు జేబులోంచి అప్పుడే పిస్టల్ బయటికొస్తోంది. ఇద్దరూ నేల మీద పడ్డారు. ఆమె బటన్ నొక్కింది. గాలి ఆగింది, రియాక్టర్లోకి మంటని అణిచే నైట్రోజన్ బుసకొట్టింది. గది అద్దాలు ఒక్కసారి గలగలలాడి ఊరుకున్నాయి.

తర్వాత మోడల్ విప్పి చూస్తే, బూడిద కరిగే టెంపరేచర్‌ని ఎవరో చాలా పైకి జరిపి ఉంచారు. మార్చింది సలహాదారు కంప్యూటర్ నుంచే.

"జేబులో పిస్టల్ ఉందని నీకెలా తెలుసు?" అడిగాడు చీఫ్.

"తెలీదు. ముల్లు ఆగగానే ఆ అమ్మాయి చెయ్యి వణికింది. ఆయన చెయ్యి వణకలేదు."

మేడం నిచ్చెన కింద నలిగిన చెప్పు తీసుకుని తొడుక్కుంది. నుదుటి చెమట తుడుచుకుంటూ బాబాయ్ వైపు చూసింది.

"అంతా బాగానే ఉంది. ఏసీ మాత్రం ఇంకా పనిచెయ్యట్లేదండీ."