సందేహాలుంటే ఫోన్ చేయండి

పుస్తకం వెనక తన ఫోన్ నంబర్ వేయడం పెంచలప్రసాద్ చేసిన తప్పు.

అతను ఆత్మకూరు పాస్టర్ సిద్ధయ్య కొడుకు. మూడేళ్లుగా ఊరూరా తిరిగి కొత్త నిబంధన పుస్తకాలు పంచుతున్నాడు. వెనక అట్ట మీద ‘సందేహాలుంటే ఫోన్ చేయండి’ అని ముద్ర వేస్తాడు. ఒక్కరూ చేయలేదు. నమ్మేవాళ్లకు సందేహాలుండవు. మిగతావాళ్లు చదవరు.

ఉదయగిరిలో చెక్క చెంచాలు చెక్కే బడే సాహెబ్ కూతురు నగ్మా చదివింది. ఫోన్ చేసింది.

“సార్, ఉదయగిరి బడే సాహెబ్ కూతుర్ని. సందేహం ఉండాది.”

“చెప్పండి సిస్టర్.”

“సిస్టర్ అనబాకండి. ఏసు సిలువ మీద ఆఖరికి ఏమన్నాడు?”

“‘సమాప్తమైంది’ అన్నాడు.”

“అది యోహాను రాసిన సువార్తలో. మార్కులో ‘నా దేవా, నన్నెందుకు విడిచిపెట్టావు’ అని అరిచినాడు. లూకాలో ‘నా ఆత్మను నీకు అప్పగిస్తున్నా’ అన్నాడు. పోయే మనిషి ఆఖరి మాట ఒకటే గదా?”

“నాయనను అడిగి చెబుతాను.”

“ఇంకోటి కూడా అడగండి. దేవుణ్ణి దేవుడే విడిచిపెడితే అరిచిందెవరు, విన్నదెవరు?”

ఫోన్ పెట్టేసింది.

పెంచలప్రసాద్ జవాబు పట్టుకుని ఉదయగిరి బస్సెక్కాడు. దిగేసరికి వాన. కొండ కనిపించడం లేదు. నగ్మా పంచలో కూర్చుని చెంచా కాడ మీద పువ్వు చెక్కుతోంది. తడిసి నిలబడ్డ అతన్ని కళ్లెత్తి చూసింది. తండ్రి చెప్పిన జవాబులో సగం అతను అక్కడే మరిచిపోయాడు. మిగతా సగం కూడా పనికొచ్చేది కాదు.

“నలుగురు సాక్షులు. నాలుగు వైపుల నుంచి చూశారు,” అన్నాడు.

“చూసి రాసినారా, ఒకరిది చూసి ఒకరు దిద్దినారా? ‘నన్ను మంచివాడని ఎందుకంటావు, దేవుడొక్కడే మంచివాడు’ అన్నాడు మార్కులో. మత్తయికి అది ఇబ్బందైంది. ‘మంచిని గురించి నన్నెందుకు అడుగుతావు’ అని మార్చినాడు. పగిలిన చెంచాలో రంపపు పొట్టూ జిగురూ కూరి పాలిష్ కొట్టినట్టు. నేను చెక్కపని దాన్ని సార్. అతుకు నా గోటికి తగులుతాది.”

“మీ పుస్తకంలో సందేహాలు లేవా?”

“దాని వెనక ఎవరూ నంబర్ వేయలేదే!”

పక్కనే చెక్క చెక్కుతున్న బడే సాహెబ్ దగ్గాడు. కూతురు నవ్వింది. ఆ నవ్వు కోసం పెంచలప్రసాద్ ఆరు నెలలు వారం వారం బస్సెక్కాడు. ఓడిపోవడానికి అంత ఉత్సాహంగా బయలుదేరే మనిషిని ఆ బస్సు కండక్టర్ ఇంతకు ముందు చూసి ఉండడు.

చివరికి నగ్మాను పెళ్లి చేసుకుంటానని ఇంట్లో చెప్పాడు.

“బాప్తిస్మం తీసుకుంటే కోడలు. లేకుంటే నువ్వు నా కొడుకువే కాదు,” అన్నాడు సిద్ధయ్య. “పద. ఆ పిల్లకు నేనే జవాబు చెబుతా.”

ఉదయగిరిలో నగ్మా ఇద్దరికీ టీ ఇచ్చి, మార్కు పదమూడో అధ్యాయం తీసింది.

“లోకం అంతమయ్యే రోజు తండ్రికే తెలుసు, కుమారుడికి కూడా తెలియదు అని ఆయనే చెప్పినాడు. తెలియని దేవుడేంది సార్?”

“మనిషిగా తెలియదు. దేవుడిగా తెలుసు,” అన్నాడు సిద్ధయ్య.

“తెలిసి కూడా తెలియదన్నాడా? అంటే అబద్ధమా?”

సిద్ధయ్య మొహం ఎర్రబడింది. “నువ్వు చెప్పురా! ఆయన దేవుడని నీకు తెలుసా, తెలియదా?”

బడే సాహెబ్ చేతిలో ఆకురాయి ఆగింది. తెలుసంటే ఇల్లు నిలుస్తుంది. నగ్మా మాత్రం ఆ అతుకును వెంటనే పట్టేస్తుంది.

“నాకు తెలియదు నాయనా.”

సిద్ధయ్య టీ తాగకుండానే లేచాడు. ఆత్మకూరు బస్సుకు ఒక్క టిక్కెట్టే తీసుకున్నాడు.

నగ్మా పుస్తకం మూసి అంది. “నాలుగు పుస్తకాల్లో నాకు నచ్చింది ఆ ఒక్క మాటే. తెలియదని చెప్పేవాడు మనిషి. నాకు దేవుడెందుకు, మనిషి దొరికితే చాలు.”

“దొరికాడా?”

“తెలియదు,” అని తల దించుకుని నవ్వింది.

“రిజిస్టర్ ఆఫీసులో ఏ పుస్తకమూ అడగరంట,” అన్నాడు బడే సాహెబ్ ఎవరినీ చూడకుండా. “నన్ను కూడా ఏమీ అడగబాకండి.”

పెంచలప్రసాద్ సంచిలో ఇంకా పదకొండు పుస్తకాలున్నాయి. ఒక్కొక్కటే తీసి వెనక నంబర్ కొట్టేశాడు.

“ఎందుకూ?” అంది నగ్మా.

“ఒక్కరు ఫోన్ చేస్తేనే ఇల్లు పోయింది.”

ఆమె ఒక చెంచా, గరుకు కాగితం అతని చేతిలో పెట్టింది. “ముందు ఇది నున్నగా రుద్దు. ఇంటి సంగతి తర్వాత చూద్దాం.”