నాలుగో మూట

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత వచ్చిన రెండో చలికాలం. శనివారం మధ్యాహ్నం బొగ్గుబాయి సైరన్ మోగి మొదటి షిఫ్టు వాళ్ళు పైకి వచ్చేసరికి, మంచిర్యాలకు ఎగువనున్న ఆ బొగ్గు బస్తీలో ఒక క్వార్టరు ముందు జీపు సిద్ధంగా ఉన్నది. యుద్ధం ముగిశాక వేలంలో కొన్న పాత జీపు అది. టేకు కలప గుత్తేదారు దగ్గర దాన్ని నడిపే దశరథం, సోమవారం పొద్దున్నే తిరిగి అప్పగిస్తానని చెప్పి తెచ్చాడు.

"ఎక్కు ముత్తయ్యా. పెండ్లికొడుకులెక్క బతిమాలించుకుంటున్నవేందిరా?" అన్నాడు దశరథం.

ముత్తయ్య నవ్వలేదు. ఎక్కమన్నారు కాబట్టి ఎక్కి, కూర్చోమన్నచోట కూర్చున్నాడు. రాయమల్లు పోయిన నాటినుండి అతని తీరు అదే.

ఆ క్వార్టరులో నలుగురు ఉండేవారు. పర్శరాములు సర్వే ఆఫీసులో గని పటాలు గీసేవాడు. దశరథం డ్రైవరు. రాయమల్లు, ముత్తయ్య ఇద్దరూ భూమి లోపల పైకప్పు కూలకుండా కర్ర దిమ్మెలు నిలబెట్టే పనివాళ్ళు. బియ్యం ఒకటే గిద్దెతో కొలిచేవారు, మనిషికో గిద్దె. గూట్లో నాలుగు పళ్ళాలు బోర్లించి ఉండేవి. వాటిలో అంచు సొట్టపోయినది రాయమల్లుది. అతడు తన బువ్వలో సగం తిని, మిగతా సగం ఆలస్యంగా వచ్చే ముత్తయ్యకు ఉంచేవాడు. పొట్ట నిండా తింటే దిమ్మె ఎత్తలేనని సాకు చెప్పేవాడు.

ముత్తయ్యకు జ్వరం వచ్చిన రోజున అతని బదులు రాయమల్లు దిగాడు. ఆ రోజే లోపల బొగ్గు అంటుకున్నది. మంటకు గాలి అందకుండా ఆ దారికి అడ్డంగా ఇటుక గోడ కట్టి సున్నంతో పూత వేశారు. రాయమల్లు గోడకు అవతల ఉండిపోయాడు. అప్పటికే బతికి లేడని పెద్ద ఇంజినీరు అన్నాడు. అయి ఉండవచ్చు. మంట ఆరిందో లేదో తెలుసుకోవడానికి రోజూ ఆ గోడ మీద అరచెయ్యి ఆనించి చూసి రావడం పర్శరాములు పని అయింది. గోడ ఎప్పుడూ కాలుతూనే ఉండేది.

ముత్తయ్య తిండి మానేశాడు. మొండికేసి కాదు. పళ్ళెం ముందు పెడితే అన్నాన్ని చూస్తూ ఊరికే కూర్చునేవాడు. పక్కటెముకలు బయటపడ్డాయి. ఇట్లాగే ఉంటే హోలీ పండుగ చూడడని దవాఖానా డాక్టరు పర్శరాములును పక్కకు పిలిచి చెప్పాడు. చోటు మారితే నాలుగు మెతుకులు లోపలికి పోతాయేమోనన్న ఆశతోనే ఈ ప్రయాణం.

చెన్నూరు దాటి ప్రాణహిత వైపు మళ్ళిన తరువాత అడవి దగ్గరపడింది. ఆ అడవిలో ఉడుకుల గుండం అని ఒకటి ఉన్నది. అందులో నీళ్ళు ఏడాది పొడుగునా మసులుతాయి. వాళ్ళు పోతున్నది అక్కడికే.

"చాందా రాజు ఫౌజంత గాడనే బువ్వ వండుకున్నదట గద పర్శన్నా?" అని దశరథం అడిగాడు.

"శాసనం లేదు. పాత గెజెటీర్లలోనూ లేదు. వంద మందికి వండేటంత గుండం కూడా కాదది."

"నీకు శాసనం లేకుంటే మీ బాపు పెండ్లి గూడ అయినట్టు కాదు."

పర్శరాములు చిన్నగా నవ్వి ముత్తయ్య వైపు చూశాడు. ముత్తయ్య రోడ్డును చూస్తున్నాడు. రోడ్డునే చూస్తున్నాడో లేదో కూడా చెప్పడం కష్టం.

పొద్దు వాలేవేళకు చేరారు. నల్లరాళ్ళ నడుమ గుండం ఒక చిన్న చేదబావి అంత వెడల్పున ఉన్నది. అడుగున ఏదో నెమ్మదిగా ఊపిరి తీస్తున్నట్టు నీళ్ళు లేచి అణుగుతున్నాయి. చలికి ఆవిరి పైకి పోలేక రాళ్ళ మీదనే పరుచుకున్నది. కుళ్ళిన గుడ్డు వాసన. అది గంధకం వాసన అని పర్శరాములుకు తెలుసు. భూమి పగుళ్ళలోకి ఇంకిన వాననీళ్ళు లోతున వేడెక్కి తిరిగి వస్తాయి, అంతే.

గుండం ఒడ్డున మోదుగాకులు కుడుతూ ఒక ముసలామె కూర్చుని ఉన్నది. పేరు బుచ్చవ్వ. వచ్చినవాళ్ళకు విస్తర్లు ఇచ్చి, వాళ్ళు పెట్టింది తీసుకునేది.

అక్కడి పద్ధతి అందరికీ తెలిసిందే. పిడికెడు బియ్యం గుడ్డలో మూటకట్టి, తాడుతో నీళ్ళలోకి దించి, ఉడికాక అక్కడే తినాలి. క్వార్టరులో శనివారం వంట పర్శరాములుది. పాత ధోవతి చింపి, గిద్దెతో కొలిచి మూటలు కట్టాడు. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి.

బుచ్చవ్వ కుట్టడం ఆపింది. "నాలుగు గట్టినవు. నాలుగో మనిషేడి కొడుకా?"

పర్శరాములు మూటల వైపు చూశాడు. పటంలో గీత తప్పితే రాత్రంతా నిద్రపోని మనిషి అతడు. ఇన్ని వారాలుగా బియ్యం సరిగ్గా మూడు గిద్దెలే కొలుస్తున్నాడు. ఇవాళే చెయ్యి తప్పింది.

"అలవాటు తప్పు అవ్వా" అని నాలుగో మూట ముడి మీద చెయ్యి వేశాడు.

ఆ చేతిని ముత్తయ్య పట్టుకున్నాడు.

"ఉండనీ పర్శన్నా. రాయమల్లన్నకు ఆకలైతది."

చాలా రోజుల తరువాత ముత్తయ్య అన్న మాట అది. గొంతు తుప్పుపట్టినట్టు ఉన్నది.

"లేనోని పేరున దించొద్దు కొడుకా" అన్నది బుచ్చవ్వ, బెదిరింపేమీ లేకుండా, దారి చెబుతున్నట్టు. "దించితే ఉన్నోళ్ళల్ల ఒకని బువ్వ పోతది. దించిన చెయ్యి ఎవలిదైతే వానిది."

పర్శరాములు ముసలామెను చూశాడు, ముత్తయ్యను చూశాడు. ముత్తయ్య కళ్ళు మూట మీద ఉన్నాయి, రోజూ పళ్ళెంలో అన్నం మీద ఉన్నట్టే. ఒక మూట బియ్యం పోతే పోతాయి.

"నాది పోతే పోనీ అవ్వా. నేనే దించుత."

నాలుగు తాళ్ళనూ రాయికి కట్టి వరుసగా దించాడు. నాలుగోది కూడా తన చేత్తోనే దించాడు. బుచ్చవ్వ వాళ్ళకు విస్తర్లు ఉంచి, మిగిలిన ఆకులు సర్దుకొని లేచింది. పెట్టబోయిన చిల్లర తీసుకోలేదు. గూడెం వైపు నడుస్తూ ఒక్కసారైనా వెనుదిరిగి చూడలేదు.

వెలుగు తగ్గింది. దశరథం జీపు దగ్గర బీడీ వెలిగించుకున్నాడు. ముత్తయ్య, పర్శరాములు రాతి మీద పక్కపక్కన కూర్చున్నారు. పిట్టలు సద్దుమణిగాయి. నీళ్ళ గుటగుట మాత్రం మిగిలింది.

మొదట మారింది వాసన. గంధకం పలుచబడింది. దాని వెనుక నుండి మరొకటి వచ్చింది... కార్బైడ్ దీపం వాసన, తడిసిన కర్ర వాసన, మాడిన బొగ్గు వాసన. పర్శరాములుకు ఆ కలయిక బాగా తెలుసు. రోజూ గోడ దగ్గర వచ్చేదే. తన బట్టల్లోనే ఉండిపోయి ఉంటుందని అనుకున్నాడు.

నాలుగో తాడు కదిలింది.

బుడగలు, అనుకున్నాడు.

మిగతా మూడూ కదలలేదు.

ఆవిరికి అవతల ఎవరో దగ్గారు. పొడి దగ్గు. బొగ్గు ధూళి మింగినవాళ్ళ దగ్గు. దశరథమేనా? దశరథం ఇవతల, వెనుక ఉన్నాడు. అతని బీడీ నిప్పు కనిపిస్తూనే ఉన్నది.

"ముత్తయ్యా" అన్నాడు పర్శరాములు గుసగుసగా. "విన్నవా?"

ముత్తయ్య కూర్చున్నచోటి నుండి కొంచెం పక్కకు జరిగాడు. ఇద్దరి నడుమ ఒక మనిషి పట్టేంత ఖాళీ ఏర్పడింది. ఆ ఖాళీలో రాయి మెల్లగా వేడెక్కింది. పర్శరాములు తొడకు ఆ వేడి తగిలింది. అతడు లేవలేదు. భయం వేయవలసిన చోట అతని లోపల ఏమీ లేదు. మొద్దుబారిన పంటి మీద వేలు పెట్టినట్టు ఉన్నది.

తాడు సడలింది. బిగిసింది. మళ్ళీ సడలింది.

తరువాత అంతా ఆగిపోయింది.

"ఉడికింది గావచ్చు, తియ్యిండ్రి" అంటూ దశరథం వచ్చాడు. అతని మూట తీశారు. అన్నం పువ్వులాగా విచ్చుకున్నది. ముత్తయ్యదీ అంతే. పర్శరాములు తన తాడు లాగాడు. తేలిగ్గా వచ్చింది. ముడి అతడు వేసిన ముడే, గుడ్డ ఎక్కడా చిరగలేదు. లోపల ఒక్క మెతుకు లేదు.

నాలుగోది బరువుగా వచ్చింది. దాని ముడి అతడు వేసినది కాదు. కర్ర దిమ్మెలకు మోకు బిగించే ముడి, రెండు మెలికలు తిప్పి లోపలికి దోపేది. పర్శరాములుకు ఆ ముడి వెయ్యడం రాదు. విప్పడానికే చాలాసేపు పట్టింది.

లోపల సరిగ్గా సగం అన్నం ఉన్నది. సగం తీసి, మిగిలినదాన్ని వేళ్ళతో ఒక పక్కకు ఒత్తి ఉంచినట్టు ఉన్నది.

ముత్తయ్య ఆ సగం తిన్నాడు. తన మూట కూడా తిన్నాడు. మెతుకు మెతుకూ ఏరుకొని, కన్నీళ్ళు లేకుండా, ఆత్రం లేకుండా తిన్నాడు. దశరథం జీపు లైట్ల వైపు తిరిగి నిలబడ్డాడు. అటే చూస్తూ అన్నాడు. "తిన్నడు గద పర్శన్నా. ఇంకేం గావాలె. పోదాం పా."

జీపు ఎక్కేముందు దశరథం తన విస్తరిలో మిగిలినది పర్శరాములుకు ఇవ్వబోయాడు. "ఆకలైతలేదా నీకు?"

"లేదు" అన్నాడు పర్శరాములు. నిజంగానే లేదు. ఆదివారం కూడా కాలేదు. నీళ్ళు తాగుదామని చెంబు ఎత్తి, ఎందుకో మరిచిపోయి దించేవాడు. ముత్తయ్య మాత్రం రెండు పూటలా తిన్నాడు, వాకిట్లో ఎండకు కూర్చున్నాడు, పక్కింటి చంద్రవ్వ హాస్యమాడితే నవ్వాడు కూడా.

సోమవారం పర్శరాములు బాయి దిగి, గోడ మీద అరచెయ్యి ఆనించాడు. చల్లగా ఉన్నది. కొత్తకుండలా చల్లగా ఉన్నది. పెద్ద ఇంజినీరు తానూ వచ్చి చూసి భుజం తట్టాడు. మంట చచ్చిందన్నాడు. రెండు రాత్రుల్లో భూమి అట్లా చల్లారదని పర్శరాములు చదువుకున్నాడు.

దీపాలు పెట్టే వేళకు క్వార్టరు చేరాడు. ముత్తయ్య పొయ్యి ముందు ఉన్నాడు. పర్శరాములు గడపలో నిలబడి, అతడు బియ్యం కొలవడం చూశాడు. మూడు గిద్దెలు. లెక్క సరిపోయింది. ఇన్నాళ్ళకు గుండె కుదుటపడింది.

అన్నం దించి, ముత్తయ్య పళ్ళాలు పరిచాడు. ఒకటి తనది. ఒకటి దశరథానిది. మూడోది అంచు సొట్టపోయినది.

"కూర మంచిగైంది" అన్నాడు దశరథం తన పళ్ళెంలోకే చూస్తూ. తల ఎత్తలేదు.

ముత్తయ్య మూడు పళ్ళాల్లోనూ సమంగా వడ్డించాడు. తరువాత పర్శరాములు వైపు తిరిగి, ఎంతో ప్రేమగా, తగ్గు గొంతుతో అడిగాడు.

"నీకు ఆకలైతలేదు గద పర్శన్నా?"

"లేదు."

అయినా పర్శరాములు గూట్లోకి చెయ్యి చాపాడు. అతని పళ్ళెం ఎప్పటిలాగే బోర్లించి ఉన్నది. ముట్టుకుని, చటుక్కున చెయ్యి వెనక్కి తీశాడు. అది కాలుతున్నది. మొన్నటిదాకా గోడ కాలినట్టు కాలుతున్నది.

చేతిని దీపం దగ్గరకు తెచ్చి చూసుకున్నాడు. చర్మం కందలేదు. ఆ పొద్దున గోడకు అరచెయ్యి మాత్రమే ఆనించాడు, అంతకు మించి ఏమీ చెయ్యలేదు. అయినా అయిదు వేళ్ళ గోళ్ళ కిందా, బయటపడాలని గోడను గీకినవాడి గోళ్ళలాగా, తెల్లటి సున్నం, ఇటుక పొడి ఇరుక్కుని ఉన్నాయి.