చేపల్లేని చెరువు

ఏలూరు పవర్‌పేటలో ఓ లాడ్జి గది. చీఫ్ పాండురంగారావు తలుపు గడియ వేసి సంగతి చెప్పాడు.

ఆకాశంలో తిరిగే మన పరిశోధన కేంద్రం పాతబడింది. గోడలకు లీకులు. ఇంకా నిధులివ్వాలా వద్దా అని ఢిల్లీలో ఆ రోజే మీటింగ్. ఈలోగా ఓ విదేశీ ముఠా కొల్లేటి నుంచి దొంగ కమాండ్ పంపి దాన్ని కూల్చబోతోంది. కూలితే వాళ్ల కొత్త స్టేషనే మనకు దిక్కు. లోపల శామ్యూల్ అనే శాస్త్రవేత్త ఒక్కడే ఉన్నాడు.

"ముఠాలో మన మనిషుంది. క్యాథరిన్. శామ్యూల్ భార్య. ఆ సంగతి వాళ్లకు తెలీదు."

"ఢిల్లీవాళ్లే ముసలెద్దుకి మేత దండగంటున్నారు కదండీ," అన్నాడు ఏజెంట్ జీవన్.

"లోపల మనిషున్నాడయ్యా."

జీవన్ చేపల మేత అమ్మేవాడి వేషంలో బైక్ మీద కొల్లేటి చేపల చెరువుల గట్లన్నీ తిరిగాడు. చేతిలో నీళ్లలో ఆక్సిజన్ చూసే మీటరు. అందులో సిగ్నల్ డిటెక్టర్. అది ఎక్కడా మోగలేదు. ప్రతి చెరువు దగ్గరా కాపలావాళ్లు డబ్బాలు కొట్టి పక్షుల్ని తోలుతున్నారు. ఒక్క చెరువులో మాత్రం కొంగలు తీరిగ్గా దిగుతున్నాయి. అదిలించేవాడు లేడు. చేపలుంటే ఏ రైతూ ఊరుకోడు.

జీవన్ బైక్ ఆపాడు. షెడ్డు ముందు ఎర్రచీరలో అందమైన మనిషి.

"కొరమీను దొరుకుద్దాండీ?"

"వానొస్తే దొరుకుద్దండీ."

కోడ్ కలిసింది. డిష్ షెడ్డు వెనక టార్పాలిన్ కింద ఉందని, స్టేషన్ నెత్తిమీదికి రాగానే కమాండ్ వెళ్తుందని క్యాథరిన్ చెప్పింది. వెళ్లిపొమ్మన్నాడు జీవన్. తను కనపడకపోతే వాళ్లకు అనుమానం వస్తుందంది.

"ఆ డొక్కుదాన్ని వదిలేసి రమ్మంటే రారండీ ఆయన. అక్కడి పరిశోధనలోనే ఎముకల జబ్బుకి మందు తేలాలంటారు. నేనిక్కడున్నట్టు మాత్రం ఆయనకి చెప్పకండి."

ఆమె లోపలికెళ్లింది. జీవన్ షెడ్డు వెనక్కి పాకాడు. టార్పాలిన్ ఎత్తేసరికి డిష్ ఆకాశం వైపు తిరుగుతోంది. లోపల ముఠా నాయకుడు మీట మీద వేలు పెట్టాడు. క్యాథరిన్ అతని చెయ్యి లాగి పట్టుకుంది. అతని రెండో చేతిలో పిస్టల్ పేలింది. అతను మళ్లీ మీట అందుకునేలోపు జీవన్ కేబుల్ తెంచాడు.

నాయకుడు దొరికాడు. క్యాథరిన్ గట్టు మీదే కన్నుమూసింది.

సాయంత్రం లాడ్జి గదికి ఢిల్లీ నుంచి కబురొచ్చింది. నిధులు లేవు. శామ్యూల్‌ని దింపి, స్టేషన్‌ని సముద్రంలో పడేస్తారు. రేడియోలో శామ్యూల్ గొంతు అలసటగా వినిపించింది.

"మందు తేలలేదండీ. పోనీలెండి, వచ్చేస్తున్నానని మా ఆవిడకి చెప్పండి. సంతోషిస్తుంది."

చీఫ్ రేడియో కట్టేశాడు. రిపోర్టు కాగితం ముందుకు లాక్కున్నాడు.

"మిషన్ సక్సెస్ అని రాసెయ్యనా?"

"రాయండి సార్. వాళ్లు కూలిస్తే కుట్ర. మనమే కూల్చుకుంటే పొదుపు."