అప్పజెప్పిన ఇప్పచెట్టు

తెల్లవారగానే సంగీత గంప పట్టుకుని ఇప్పచెట్టు దగ్గరికి వెళ్ళింది. రాత్రి రాలిన పువ్వును ఎండ ముదరకముందే ఏరుకోవాలి. ఆ గూడెంలో ఇంటికో చెట్టు. ఒకరి చెట్టు కింద ఇంకొకరు ఒక్క పువ్వు కూడా ముట్టుకోరు. అలాంటిది పక్కింటి సమ్మక్క తమ చెట్టు కింద దర్జాగా కూర్చుని ఏరుకుంటోంది!

"ఏంది సమ్మక్కా, కండ్లు కనవడ్తలేవా? ఇది మా చెట్టు!"

"నిన్నటిదాంక మీదే. మీ అత్త పెద్దమనుషుల ముంగట నాకు అప్పజెప్పింది. గూడెం ఇడిసి పోయేటోల్లు అప్పజెప్పే పోవాలె గదా. నీకు చెప్పలేదా?"

సంగీతకు ఒళ్ళు మండిపోయింది. కూతుర్ని తీసుకుని భర్త పనిచేసే సారపాక పోదామని ఏడాదిగా ఇంట్లో పోరు పెడుతున్నది తనే. చెట్టు పోయిందనగానే కయ్యానికి దిగిందీ తనే! మనసంటే అంతే మరి.

నిజానికి గూడెంలో మిగిలిందేముంది? మిర్చి ఏరడానికి తల్లాడ వైపు వెళ్ళినవాళ్ళు కొందరు అటే ఉండిపోయారు. పిల్లలు తగ్గి బడి మూతపడింది. కొనేవాళ్ళు లేక కొట్టూ మూతపడింది. సంగీత భర్త రాజేష్ సారపాక మిల్లులో కాంట్రాక్టు పని చేస్తూ, వారానికోసారి వచ్చి పోతుంటాడు. అక్కడ కిరాయి ఇల్లు కూడా చూశాడు. అతని తల్లి నాగక్కే ఇన్నాళ్ళూ అడ్డం పడుతూ వచ్చింది.

సంగీత ఇంటికొచ్చి గంప విసిరేసింది.

"తాతలనాటి చెట్టును గట్ల ఎట్ల ఇచ్చినవ్ అత్తా? మా మీద కోపమా?"

నాగక్క పొయ్యి ముందు నుంచి లేవలేదు.

"కోపం గాదు పిల్లా. పువ్వు రాలేది, పాప పరీక్షలు ఒక్కటే నెలల వస్తయి. చెట్టుంటే నేను ఊకుంటనా? ఏరనీకి రమ్మని మిమ్ముల పిలుస్తనే ఉంట. చెట్టే లేకుంటే పిలిచే పనే ఉండదు. పాప ఆడ మంచిగ సదువుకుంటది."

సంగీత గొంతు తగ్గింది. "మరి పువ్వు అమ్ముకోకుంటే నువ్వేం తింటవ్?"

"కూలికి పోత. ఆ ఇంట్ల ఒక్కటే అర్ర అని రాజేష్ చెప్పిండు. నాకు జాగ యాడిది?"

సంగీత విసిరేసిన గంప తీసి పక్కన పెట్టింది. ఏడాదంతా 'పోదాం, పోదాం' అంది. 'నువ్వూ రా అత్తా' అని ఒక్కనాడూ అనలేదు. పిలిచినా ఆవిడ రాదని తనకు తానే అనుకుంది. ఆవిడ మాత్రం, తనను ఎవరూ పిలవకపోయినా, వాళ్ళ కోసం చెట్టు వదులుకుంది.

కన్నీళ్ళు ఆగలేదు. అత్త పక్కన కూలబడి ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"తప్పైంది అత్తా. నువ్వు గూడ రా. ఒక్క అర్రనే అయినా నలుగురం సర్దుకుందం. జాగ సాలకుంటే నీ కొడుకు బయట పండుతడు."

"నిజంగనే రమ్మంటున్నవా?"

"అవ్. నువ్వు రాకుంటే నేను గూడ పోను. ఇప్పుడే పోయి సమ్మక్క కాళ్ళు మొక్కి మన చెట్టు మళ్ళ అడుగుత."

నాగక్క కొంగుతో కళ్ళు తుడుచుకుని, కోడలి వీపు మీద చిన్నగా ఒకటి వేసింది.

"ఇచ్చిన చెట్టు మళ్ళ అడుగుతరా, సిగ్గులేనిదానా! లే. నా చీరెలు ఏ సంచిల పెడ్తవో సూపియ్యి."