గొడుగు అట్టలోని మూడో పాట

ఆగిపోవడం వేరు, ఇరుక్కుపోవడం వేరు. ఆగిపోతే చప్పుడు ఉండదు. ఇరుక్కుపోతే ఉంటుంది. అదే చప్పుడు, మళ్ళీ అదే, మళ్ళీ అదే. ఎవరో ఒకరు లేచి ఏదో ఒకటి చేసేదాకా అలాగే ఉంటుంది. మరి ఎవరూ లేవకపోతే...

"పిచ్చుకా! నిన్నేనమ్మా. మీ ఇంట్లో ఏదైనా ఉందా?"

పిచ్చుక ఉలిక్కిపడింది. మ్యూజిక్ మేడమ్ చార్టు పక్కన నిలబడి తనవైపే చూస్తోంది. క్లాసంతా తనవైపే చూస్తోంది.

సన్నటి గొంతని నాన్న పెట్టిన పేరది. ఇంట్లో మొదలై బడిదాకా వచ్చేసింది. నాన్న పోయి రెండేళ్ళవుతున్నా పేరు మాత్రం పోలేదు.

గోడ మీద చార్టులో పాత ఆల్బమ్‌ల అట్టల బొమ్మలు వరసగా అతికించి ఉన్నాయి. పైన పెద్ద అక్షరాలతో 'పాట దారి మార్చిన ఆల్బమ్‌లు' అని రాసి ఉంది. ఎవరి ఇంట్లో ఏ రికార్డు ఉంటే దాని కింద వాళ్ళ పేరుతో ఒక నక్షత్రం అతికించాలి. శుక్రవారం తెచ్చి అందరికీ వినిపించాలి.

మేడమ్ అనుకున్నది వినడం. పిల్లలకు మిగిలింది నక్షత్రాలు. రెండు రోజుల్లో అదొక పరుగు పందెం అయిపోయింది.

పందెంలో అందరికంటే ముందున్నవాడు షోకేసు. వాళ్ళ ఇంట్లో గోడ పొడవునా అద్దాల బీరువాలున్నాయి, వాటి నిండా రికార్డులున్నాయి. ఆ సంగతి చెప్పీ చెప్పీ వాడే షోకేసు అయిపోయాడు. చార్టులో సగం నక్షత్రాలు వాడివే.

పిచ్చుక పేరుతో ఒక్కటీ లేదు.

"గొడుగు ఆల్బమ్ ఉంది మేడమ్," అంది.

ఆ అట్ట మీద వానలో ఒక మనిషి వీపు కనిపిస్తుంది. గొడుగు తిరగేసి పట్టుకుని ఉంటాడు. గొడుగు నిండా నీళ్ళు.

మేడమ్ ముఖం వెలిగిపోయింది. "నిజంగానా? అది విన్నాకే నేను గిటారు పట్టుకున్నాను తెలుసా!"

"మాకూ ఉంది," అన్నాడు షోకేసు వెనక బెంచీలోంచి. "రెండున్నాయి." తర్వాత మేడమ్‌కి వినపడకుండా ముందుకు వంగాడు. "ఏయ్ పిచ్చుకా, గీతలున్నవి లెక్కలోకి రావు. మొదటి నుంచి చివరిదాకా ఆగకుండా పాడాలి. మీ దానికి గీతలున్నాయా?"

"లేవు," అంది పిచ్చుక.

ఆ మాట ఎలా వచ్చిందో తనకే తెలియలేదు.

గీత ఉంది. మూడో పాటలో ఉంది. ఎప్పుడు పడిందో ఎవరికీ తెలియదు. నీవల్లే అని అమ్మ అనేది, నీవల్లే అని నాన్న అనేవాడు. ఇద్దరూ కాసేపు పోట్లాడుకుని నవ్వుకునేవాళ్ళు.

ఆ చోట గాయకుడు 'దూరం' అంటాడు. రికార్డు ప్లేయర్ ముల్లు గీతలో పడగానే అక్కడే ఇరుక్కుపోతాడు. దూరం, దూరం, దూరం. అప్పుడు నాన్న లేచేవాడు. బస్సుల షెడ్డులో పనిచేసే నాన్న గోళ్ళ అంచులు ఎంత తోమినా నల్లగానే ఉండేవి. ఆ చేత్తో రెండు వేళ్ళు మడిచి ప్లేయర్ చెక్క అంచు మీద టక్ మని కొట్టేవాడు. ముల్లు గీత దాటేది. మధ్యలో కాస్త ముక్క పోయినా పాట ముందుకు వెళ్ళేది.

"గట్టిగా కొడితే పాట మొత్తం దాటేస్తుంది," అనేవాడు. "లోపల ఎవరో నిద్రపోతున్నారనుకో. తలుపు కొట్టినట్టు కొట్టాలి. లేవాలి, కానీ భయపడకూడదు."

ఇప్పుడు అమ్మ కొడుతోంది. ఆదివారాలు ఇంట్లో కుట్టుపని పెట్టుకుంటుంది. గుండుసూదులు పెదాల మధ్య పట్టుకుని, మిషను ఆపి, లేచి వచ్చి, కొట్టి, మళ్ళీ వెళ్ళి కూర్చుంటుంది. ఒకసారి సూదులు తీసి, "నువ్వు కొట్టమ్మా, చేతిలో పని ఉంది," అంది. పిచ్చుక బాత్రూములోకి వెళ్ళి, కుళాయి తిప్పి, నీళ్ళ చప్పుడు వింటూ నిలబడింది.

తను కొడితే, ఇక ఆ పని నాన్నది కాదని ఒప్పుకున్నట్టే. పిచ్చుకకు అలా అనిపించింది. ఎవరికీ చెప్పలేదు. చెబితే చిన్నపిల్ల మాటలా ఉంటుంది.

బడి వదిలాక షోకేసు గేటు దగ్గర కాచుకుని ఉన్నాడు.

"మీ రికార్డు మధ్యలో కాగితం ఏ రంగు?"

"ఎరుపు."

వాడి కళ్ళు పెద్దవయ్యాయి. "ఎర్ర కాగితమా! మొదట్లో వేసినవి అవే. మా రెండూ నీలమే. మా డాడీ ఎర్రదాని కోసం ఎప్పటి నుంచో వెతుకుతున్నారు. మార్చుకుందామా?"

పిచ్చుక నేల చూసింది. "దానికి గీతుంది."

"నాకు తెలుసులే. నువ్వు లేదన్నప్పుడే నీ చెవులు ఎర్రబడ్డాయి."

"గీతున్నది మీ డాడీకెందుకు?"

"ఆయన పెడతారా ఏంటి? చూస్తారంతే. మా నీలందాని మీద వెంట్రుకంత గీత కూడా లేదు. నేను క్లాసులో చెప్పను. నువ్వూ చెప్పకు."

ఇంటికి వెళ్ళే దారిలో పిచ్చుక లెక్కలు వేసుకుంది. ఆల్బమ్ అదే. పాటలూ అవే. అట్ట ఎలాగూ మనదే ఉంటుంది. అమ్మ మాటిమాటికీ లేవక్కర్లేదు. చూస్తే ఇది అమ్మకు మంచి చేయడమే కదా. ఆ మాట మనసులో అనుకున్న కొద్దీ నిజంలాగే వినిపించింది. అయినా మర్నాడు అట్టలోంచి రికార్డు తీస్తున్నప్పుడు తలుపు దగ్గరగా వేసుకుంది.

శుక్రవారం నీలం కాగితం రికార్డు క్లాసులో ఆగకుండా పాడింది.

మూడో పాట వచ్చింది. 'దూరం' అన్న మాటా వచ్చింది. బెంచీ మీద పిచ్చుక వేళ్ళు వాటంతట అవే మడుచుకున్నాయి. పాట ఇరుక్కోలేదు. తను ఎప్పుడూ వినని చోటికి వెళ్ళింది. అక్కడ డ్రమ్ములు ఆగి, గిటారు ఒక్కటే మోగింది. మేడమ్ కళ్ళు మూసుకుని వింది.

పిచ్చుకకు మాత్రం తమ ఇంట్లోకి ఎవరో తెలియని మనిషి వచ్చి నాన్న కుర్చీలో కూర్చున్నట్టు అనిపించింది.

అందరూ చప్పట్లు కొట్టారు. పిచ్చుక తన పేరు రాసిన నక్షత్రాన్ని గొడుగు కింద అతికించింది.

ఆదివారం అమ్మ ఎవరిదో కోటు లోపలి గుడ్డ మారుస్తోంది. గొడుగు అట్ట తీసి, చూడకుండానే రికార్డు పెట్టి మిషను దగ్గరికి వెళ్ళింది.

పిచ్చుక పుస్తకం తెరిచి ఒకే వాక్యం మీద చూపు పెట్టింది.

మూడో పాట మొదలైంది. ఆ చోటు ఎప్పుడొస్తుందో అమ్మ చెవులకే తెలుసు. ముందే మిషను ఆపి, లేచి, ప్లేయర్ దగ్గరికి వచ్చి రెండు వేళ్ళు మడిచింది.

'దూరం,' అన్నాడు గాయకుడు. ముందుకు వెళ్ళిపోయాడు.

అమ్మ వేళ్ళు గాల్లోనే ఉండిపోయాయి.

గిటారు ఒక్కటే మోగుతోంది. అమ్మ పెదాల మధ్య నుంచి గుండుసూదులు ఒక్కొక్కటే తీసి మణికట్టుకు కట్టుకున్న దూదిబిళ్ళకు గుచ్చింది. వంగి, తిరుగుతున్న నీలం కాగితాన్ని చూసింది.

"ఇక్కడ ఇంత పాట ఉందా?" అంది.

"అమ్మా..." పిచ్చుక గొంతు ఇంకా సన్నగా వచ్చింది. "మార్చాను. షోకేసు వాళ్ళది. ఇది ఇరుక్కోదు. నువ్వు లేవక్కర్లేదని..."

అమ్మ తిడుతుందని ఎదురుచూసింది. తిడితే బాగుండేది. అమ్మ ముల్లు పైకెత్తి పక్కన పెట్టింది. మూత వేసింది.

"బాగుంది," అంది. "మంచి రికార్డు."

"మరి ఎందుకు ఆపేశావు?"

అమ్మ మూత మీద దుమ్ము తుడిచింది. "కూర్చుంటే అలా కూర్చునే ఉండిపోతానమ్మా. అది ఇరుక్కుంటే లేచేదాన్ని." తర్వాత, ఎక్కువ చెప్పేశానన్నట్టు చెయ్యి ఊపింది. "పోనీలే. వెళ్ళి చదువుకో."

ఆ మధ్యాహ్నమంతా ఇంట్లో మిషను చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. కిటికీ బయట మబ్బు పట్టి ఉంది. వాన రాలేదు, వెలుతురూ రాలేదు.

సోమవారం బడిలో పిచ్చుక షోకేసు కోసం వెతికింది. కింది మెట్టు మీద ఒక్కడే కూర్చుని టిఫిన్ డబ్బా తెరవకుండా ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు.

"నా రికార్డు నాకిచ్చేయ్. మీది తెచ్చాను."

"కుదరదు. మార్చుకున్నాక మార్చుకున్నట్టే. ఏడ్చినా ఇవ్వను."

"ఏడవట్లేదు."

"ఏడ్చేలాగే ఉన్నావు."

పిచ్చుక వాడి పక్కన మెట్టు మీద కూర్చుంది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక నాన్న గోళ్ళ దగ్గర మొదలుపెట్టింది. చెక్క అంచు గురించి చెప్పింది. అమ్మ వేళ్ళు గాల్లో ఉండిపోవడం చెప్పింది. బాత్రూము సంగతి మాత్రం చెప్పలేదు.

షోకేసు డబ్బా మూతను నొక్కుతూ, వదులుతూ కూర్చున్నాడు.

"మా డాడీ శనివారం దాన్ని పెట్టారు," అన్నాడు చివరికి. "ఎర్ర కాగితం కదా, ఒక్కసారి వింటానన్నారు. ఇంతలో ఫోనొచ్చింది, కారేసుకుని వెళ్ళిపోయారు. మమ్మీ ఇంట్లో లేదు. పాట ఇరుక్కుంది."

"నువ్వేం చేశావు?"

"ఏం చేస్తాను? ఆ ప్లేయర్ నేను ముట్టుకోకూడదు. మా ఇంటి మెట్ల మీద కూర్చున్నా. దూరం, దూరం, దూరం, దూరం..." నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. "చీకటి పడేదాకా అదే. ఎవరూ రాలేదు."

వాడింట్లో అన్ని బీరువాలున్నాయి. ఆ ఇంట్లో లేచి వచ్చేవాళ్ళు లేరు.

"రేపు తెస్తాలే," అన్నాడు షోకేసు.

"మీ డాడీ తిట్టరా?"

"తిడతారు. తిట్టడానికైనా నా గదిలోకి వస్తారుగా." డబ్బా తెరిచాడు. "మరి నీ నక్షత్రం?"

"తీసేస్తాను."

మర్నాడు వాడు మాట ప్రకారం తెచ్చాడు. రికార్డు అట్టలోకి వెళ్ళాక, పిచ్చుక చార్టు దగ్గరికి నడిచింది. క్లాసు నిండుగా ఉంది. మేడమ్ పియానో మూత తుడుస్తోంది.

"మేడమ్, శుక్రవారం నేను తెచ్చింది మాది కాదు. మాది మూడో పాటలో ఇరుక్కుంటుంది. గీతల్లేవని అబద్ధం చెప్పాను."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. పిచ్చుక గోటితో నక్షత్రం అంచు లేపింది. అది సరిగ్గా ఊడి రాలేదు. చిరిగింది. ఒక కొన చార్టుకే ఉండిపోయింది.

"గీతలున్నవి లెక్కలోకి రావని ఎవరన్నారు?" అంది మేడమ్ ఆశ్చర్యంగా.

షోకేసు తల దించుకున్నాడు. పిచ్చుక వాడివైపు చూడలేదు.

మిగిలిన కొనను కూడా గీకబోతుంటే మేడమ్ ఆపింది. "అది ఉండనీ." మళ్ళీ పియానో తుడుచుకుంది.

ఆదివారం వాన పడుతోంది. గదిలో పగలే లైటు వేయాల్సి వచ్చింది. కోటు గుడ్డ జారిపోయే రకం. అమ్మ రెండు చేతులతో మడత నొక్కి పట్టుకుని మిషను తొక్కుతోంది. పెదాల మధ్య సూదులున్నాయి.

పిచ్చుకే రికార్డు పెట్టింది. తిరుగుతున్న ఎర్ర కాగితాన్ని అమ్మ దూరం నుంచే చూసింది. తొక్కుతున్న కాలు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ కదిలింది.

ఒకటో పాట అయింది. రెండో పాట అయింది. మూడోది మొదలైంది.

దూరం. దూరం. దూరం.

మిషను ఆగింది. మడత వదలాలా వద్దా అని అమ్మ చేతులు తటపటాయించాయి. కుర్చీ కిర్రుమంది.

బాత్రూము తలుపు తెరిచే ఉంది. పిచ్చుక అటు చూసింది. తర్వాత లేచింది.

"నువ్వు కూర్చో అమ్మా."

ప్లేయర్ దగ్గరికి వెళ్ళి వేళ్ళు మడిచి అంచు మీద కొట్టింది. మరీ మెల్లగా తగిలింది. దూరం, దూరం. లోపల నిద్రపోతున్నవాళ్ళకు వినపడి ఉండదు.

చెక్క అంచున ఒకచోట రంగు పోయి నున్నగా ఉంది. ఇన్నాళ్ళూ ఆ మచ్చను చూడలేదు. సరిగ్గా రెండు వేళ్ళంత ఉంది.

పిచ్చుక ఆ మచ్చ మీద, తలుపు కొట్టినట్టు, టక్ మని కొట్టింది.