పెద, చిన

పదకొండో మూలాంకెను సరిచూసి సుభాషిణి ఆమోదం నొక్కింది. జీవపట్టికలో మనిషికి ఒక్కటే అంకె. మనిషి పోతే అది మూతపడుతుంది, మళ్ళీ తెరుచుకోదు. గాజు కిటికీ అవతల పన్నెండో మనిషిగా ఒక ముసలామె వచ్చి కూర్చుంది.

"మా అప్ప పోనాది తల్లీ, నాను పోనేదు. ఆస్పత్రి మిషను నన్నూ సచ్చిపోనావంటంది. రేపు నాకు రగతం కడగాల. తలుపే తెరవనేదు."

"పేరు?"

"గొర్లె చిననూకాలు. అప్ప పెదనూకాలు. మేం కవలలం."

తెర చూడకముందే సుభాషిణికి సంగతి అర్థమైంది. ఇంటిపేరు, పేరు, తండ్రి పేరు, పుట్టినరోజు కలిస్తే మూలాంకె. ఒకే మనిషి రెండుసార్లు నమోదవుతున్నారని, పేరులోంచి పెద, చిన అన్న మాటలను కత్తిరించే శుద్ధిసూత్రం పందొమ్మిదేళ్ళ కిందట రాసింది తనే. దాంతో ఇలాంటి కవలలిద్దరికీ కలిపి ఒకే అంకె మిగిలింది. గోటితో పోయేదానికి గొడ్డలి వాడింది. పైగా మెచ్చుకోలు పత్రం పుచ్చుకుంది. అవి విశేషణాలనుకుందట! సొంత మేనత్తలు పెదపైడమ్మ, చినపైడమ్మ అయి ఉండి కూడా తట్టకపోవడం సిగ్గుచేటు.

పుట్టినరోజును ఒక్కరోజు జరిపితే కొత్త అంకె పుడుతుంది. అలా గుట్టుచప్పుడు కాకుండా ఇదివరకు ఏడుగురిని బతికించింది. కిటికీ దాకా రాలేనివాళ్ళు ఎందరని పట్టికను ఎన్నడూ అడగలేదు. అడిగితే చెబుతుందని భయం.

వేలు తేదీ మీదికి వెళ్ళింది.

"నాలాటోల్లు ఇంకా ఉన్నారేటమ్మా?"

"లేరమ్మా" అంది సుభాషిణి.

"పోన్లే తల్లీ. ఒక్కదాన్నే గదా" అని ముసలామె నిజంగానే సంతోషించింది.

ఆ సంతోషాన్ని సుభాషిణి భరించలేకపోయింది. తేదీని వదిలేసి శుద్ధిసూత్రం తెరిచింది. రద్దు చేస్తే దాని కింద కలిసిపోయిన అంకెలన్నీ విడిపోతాయని, విచారణ ముగిసేదాకా పట్టిక ఆగుతుందని తెర హెచ్చరించింది. పట్టిక ఆగిన రోజుల్లో ఆస్పత్రి తలుపులు అందరికీ తెరిచి ఉంచాలన్నది చట్టం. కారణం గడిలో 'రాసినవారి తప్పు' అని రాసి, కింద తన మూలాంకె వేసి, నొక్కింది.

గోడ మీది తెరలో జనసంఖ్య క్షణం ఆగి, పెరగసాగింది. వందలు, వేలు. లోపలి గదిలోంచి పర్యవేక్షకుడు దివాకరం పరుగున వచ్చాడు.

"ఏంటండీ ఇది? పురుళ్ళు లేకుండా ఇంతమంది ఎక్కణ్ణుంచి వచ్చారు?"

"వాళ్ళు ఎక్కడికీ పోలేదు సార్" అంది సుభాషిణి. "నేనే తుడిచేశాను."